నిమ్మక్క లెమన్ కర్డ్

ఆమెకు అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటుంది గానీ అది ఆస్పత్రి చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. వీధి వీధంతా ఆమెను నిమ్మక్క అనే పిలుస్తుంది. వారంలో ఆరు రోజులు మామూలు మనిషే. బుధవారం వచ్చిందంటే మాత్రం ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు ఆమె లెమన్ కర్డ్ చేస్తుంది.

పేరు చూసి పెరుగనుకునేరు. పెరుగుకీ దీనికీ చుట్టరికం లేదు. నిమ్మరసం, నిమ్మతొక్క తురుము, గుడ్లు, పంచదార, వెన్న కలిపి సన్నటి సెగ మీద చిక్కగా కాచేది ఇది. బ్రెడ్డుకు రాసుకుంటారు, కేకుల మధ్య పూస్తారు. చెప్పడానికి అయిదే వస్తువులు, చెయ్యబోతే తలప్రాణం తోకకొస్తుంది. సెగ కాస్త ఎక్కువైతే గుడ్డు విరిగి పలుకులు కడుతుంది. అల్యూమినియం గిన్నె వాడితే పులుపు తగిలి లోహపు వాసన కొడుతుంది. అందుకే అడుగున నీళ్ళు మరిగే గిన్నె, దానిపైన ఆ నీళ్ళు తగలకుండా స్టీలు గిన్నె, చేతిలో చెక్క గరిటె. గరిటె వీపు మీద వేలితో గీత గీస్తే అది చెదరకుండా నిలవాలి. అప్పుడు దించి, వెన్న ముక్కలు ఒక్కొక్కటే వేసి కలిపి, వడగట్టి, ఉడకబెట్టి ఆరబెట్టిన సీసాల్లో పొయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం తురుము. తొక్క పైనున్న పసుపు మాత్రమే రావాలి. దాని కింది తెల్ల తోలు గోరంత దిగినా చాలు, గిన్నెడు సరుకూ చేదు.

ఈ విద్య నిమ్మక్కకు ఎవరూ నేర్పలేదు. పద్దెనిమిదేళ్ళ వయసులో ఓ పెద్ద హోటల్ వంటింట్లో గిన్నెలు తోమే పనికి చేరింది. అమ్మానాన్నా ఒకరి వెనక ఒకరు పోయారు, ఇంట్లో తొమ్మిదేళ్ళ తమ్ముడు మిగిలాడు. ఆ హోటల్ వంటమాస్టరు లెమన్ కర్డ్ చేసేటప్పుడు తలుపు వేసుకునేవాడు. తలుపు వేసుకుంటే మాత్రం ఏం, ముట్టుకున్న గిన్నెలన్నీ చివరికి ఈ పిల్ల ముందుకే రావాలి కదా. గిన్నె అడుగున మిగిలినదాన్ని వేలితో తీసి నాలుక మీద వేసుకునేది. చెత్తబుట్టలో నిమ్మకాయలు ఎంతలోతు తురిమాడో చూసుకునేది. ఆరేళ్ళలో మొత్తం పట్టేసింది. మాస్టరు చెప్పాపెట్టకుండా మానేసిన రోజు మేనేజరు తలపట్టుకు కూర్చుంటే, సబ్బుచేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. ఆ తర్వాత హోటలు మూతపడేదాకా ఆ గరిటె ఆమెదే.

ఆ గరిటెతోనే తమ్ముణ్ణి చదివించింది, లిఫ్టు మెకానిక్‌ని చేసింది, పెళ్ళి చేసింది. తన పెళ్ళిమాట ఎవరైనా ఎత్తితే "ముందు వాడి సంగతి కానివ్వండి" అనేది. వాడి సంగతి అయ్యేసరికి ఈమె సంగతి అడిగేవాళ్ళు లేకపోయారు. ఆ ముల్లు ఆమెలో ఎక్కడో గుచ్చుకునే ఉండిపోయిందని నా అనుమానం. లేకపోతే ఆ మరదలి మీద అంత కచ్చ దేనికి?

మరదలు నోట్లో నాలుక లేని మనిషి. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని నలుగురి బట్టలూ కుట్టేది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ వంటింటి పొయ్యి వెలిగించే స్వాతంత్ర్యం ఉండేది కానీ, బుధవారం మాత్రం లేదు. ఆ రోజు ఆమె పని సీసాలు ఉడకబెట్టడం, గిన్నెలు కడగడం, మర్నాడు పొద్దున్నే పన్నెండు సీసాలూ సంచిలో పెట్టుకుని మెయిన్‌రోడ్డు మీది బేకరీకి మొయ్యడం. హోటలు మూతపడ్డాక ఆ బేకరీవాళ్ళే నిమ్మక్క సరుకు తీసుకుంటున్నారు. ఎవరైనా ఇంటికొచ్చి "మీ మరదలికి కూడా నేర్పకపోయావా?" అంటే నిమ్మక్క ఆ పిల్ల వినేటట్టుగానే "దానికి నీళ్ళు కాచడం కూడా చేతకాదు" అనేది. మరదలు కుట్టుమిషను తొక్కుతూ ఉండేది.

ఇక ఆ ఇంట్లో ఒక శాసనం ఉంది. అమ్మే సరుకులో ఇంట్లోవాళ్ళు వేలు పెట్టకూడదు. మిగిలింది కూడా గిన్నెతో సహా నీళ్ళలోకి పోవలసిందే. నాలుగేళ్ళ కిందట నిమ్మక్కకు షుగరు వచ్చింది, డాక్టరు తీపి తగలనివ్వొద్దన్నాడు. దాంతో ఆమె కూడా రుచి చూడడం మానేసింది. దాన్ని కూడా గొప్పగానే చెప్పుకునేది. "చెయ్యి చెబుతుంది, మధ్యలో నాలుకెందుకు?" అనేది. వినేవాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు. అంటే అంతంత సరుకు తయారయ్యే ఇంట్లో దాని రుచి చూసే మనిషి ఒక్కరూ లేరన్నమాట. ఇలాంటి ఇల్లు ఇంకోటి ఉంటుందనుకోను.

ఇప్పుడు నిమ్మక్కకు తెలియని సంగతి మీకు చెబుతాను. పద్నాలుగు నెలల కిందట ఒక గురువారం, బేకరీ కౌంటరు దగ్గరి అమ్మాయి మరదలి చేతికి ఒక సీసా తిరిగిచ్చింది. "ఓనరుగారికి ఇంకా చెప్పలేదండీ. పోయినవారంది చేదుగా ఉందని ఇద్దరు తిరిగి తెచ్చారు. పెద్దావిడతో చెప్పండి" అంది. మరదలు దారిలో ఒక అరుగు మీద కూర్చుని మూత తీసి, జీవితంలో మొదటిసారి వేలుపెట్టి నాకింది. గొంతు దిగలేదు. ఇంటికొచ్చి చెత్తబుట్ట చూసింది. నిమ్మకాయలు తెల్లతోలు దాటి లోపలి తొనలు కనిపించేదాకా తురిమేసి ఉన్నాయి.

చెప్పాలనే చూసింది పాపం. "వదినా, ఒకసారి కళ్ళు చూపించుకుందామా?" అని మొదలుపెట్టింది. "నా కళ్ళకేం? నీ వంకర కుట్లు నాకు కనపడుతూనే ఉన్నాయి" అంది నిమ్మక్క. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఎవరు వాదిస్తారు? మొగుడితో చెబితే అతను గడ్డం రుద్దుకున్నాడు. "అక్కకి చెప్పకు. తట్టుకోలేదు. ఎలాగోలా నువ్వే చూసుకో" అన్నాడు. లిఫ్టు ఎక్కడ ఆగిపోయినా పరుగెత్తే మనిషి, ఇంట్లో ఆగిపోయినదాన్ని మాత్రం పెళ్ళానికి వదిలేశాడు.

ఆమె అలాగే చూసుకుంది. డాక్టరు నడవమన్నాడని నిమ్మక్క రోజూ సాయంత్రం పార్కుకు వెళ్తుంది. నడక అరగంట, అక్కడి బెంచీ మీద సొంత డబ్బా గంటన్నర. బుధవారం ఆమె వీధి మలుపు తిరగగానే మరదలు పన్నెండు సీసాలూ ఖాళీ చేసి, కడిగి, తన కుట్టుకూలితో కొన్న నిమ్మకాయలూ గుడ్లూ బయటికి తీసి మళ్ళీ మొదటినుంచీ చేసేది. కిటికీలన్నీ తెరిచి వాసన పోగొట్టేది. ఆ కౌంటరు అమ్మాయి తర్వాత వేరే ఊరు వెళ్ళిపోయింది. బేకరీలో మెచ్చుకోళ్ళు మళ్ళీ మొదలయ్యాయి, ఇదివరకటికంటే ఎక్కువగా. "ఈమధ్య మీ చెయ్యి ఇంకా తిరిగింది నిమ్మక్కా" అని బేకరీ ఓనరు ఫోను చేసి మరీ చెప్పాడు. నిమ్మక్క ఆ మాట మరదలికి నాలుగుసార్లు వినిపించింది.

అలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, బేకరీకి కొత్త నిబంధన ఒకటొచ్చి పడింది. షాపులో అమ్మే సరుకు షాపు వంటగదిలోనే తయారుకావాలట. ఓనరు ఇంటికొచ్చి చెప్పాడు.

"బుధవారం మీరే మా దగ్గరికొచ్చి చెయ్యండి నిమ్మక్కా. పన్నెండు చాలవు, నలభై సీసాలు కావాలి. సీసా మీద మీ పేరే వేయిస్తాను. నిమ్మక్క లెమన్ కర్డ్ అని."

సీసా మీద పేరు! ఆ రోజు నుంచి నిమ్మక్క కాళ్ళు నేల మీద నిలవలేదు. పార్కులో బెంచీ చాలలేదు. ఆస్పత్రి చీటీకి తప్ప అచ్చుకెక్కని బతుకు కదా, ఆ ఆశను నేను తప్పుపట్టను. మరదలికి మాత్రం అన్నం సహించలేదు. షాపు వంటగదిలో చేస్తే మార్చే దారి లేదు. చివరికి ధైర్యం చేసి, "నేనూ వస్తాను వదినా. నిమ్మకాయలు తురిమి పెడతాను, మీకు నడుం నొప్పి కదా" అంది.

"వచ్చి సంచి మొయ్యి. తురుము జోలికి వస్తే ఊరుకోను."

ఆ బుధవారం బేకరీ వంటగదిలో ఓనరు, ఇద్దరు మాస్టర్లు చుట్టూ నిలబడ్డారు. నిమ్మక్క నడుముకు తెల్లగుడ్డ కట్టుకుని నిమ్మకాయ అందుకుంది. పసుపు పోయేదాకా తురమడం ఆమె లెక్క. ఆమె కంటికి పసుపు పోవడమే లేదు. మరదలు ముందుకొచ్చింది. "చాలు వదినా, ఇటివ్వండి" అని తురుముపీట మీద చెయ్యి వేసింది. నిమ్మక్క అందరిముందూ ఆ చేతిమీద చెక్క గరిటెతో ఒక్కటిచ్చింది. మాస్టర్లలో చిన్నవాడు నవ్వు ఆపుకున్నాడు.

గుడ్డు విరగలేదు, గరిటె మీద గీత చెదరలేదు, వెన్న అద్దంలా కలిసింది. చూడ్డానికి వంక పెట్టే పనే లేదు. ఓనరు చెంచాడు నోట్లో వేసుకున్నాడు. తర్వాత సింకు దగ్గరికి వెళ్ళి ఉమ్మేశాడు. మాస్టర్లు కూడా చెరో చుక్క చూసి మొహాలు చూసుకున్నారు.

"చేదుగా ఉందక్కా."

నిమ్మక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇదిగో, దీని చెయ్యి పడింది కదా! తురుము ముట్టుకోవద్దని ఇంటిదగ్గరే చెప్పాను. వినదు. ఏం కలిపిందో ఏమో!" అంది. అబద్ధమని తెలిసి ఆడిన మాట కాదది. నిజమేనని నమ్మింది. అది తలుచుకుంటేనే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

అందరూ మరదలి వైపు తిరిగారు. చెయ్యి మీద గరిటె తగిలిన చోట ఎర్రగా కందింది. ఆమె నోరు తెరిచి నిజం చెప్పి ఉండొచ్చు. అక్కడే, అప్పుడే. కానీ వదిన మొహం చూసింది. ఇంటికి పెద్దదిక్కు, ముగ్గురు మగవాళ్ళ ముందు చేదు గిన్నెతో నిలబడి ఉంది.

"అవునండీ. నావల్లే పాడైంది" అంది మరదలు.

ఓనరు మర్యాదస్తుడు. "సరే, వచ్చే బుధవారం మీరొక్కరే రండి నిమ్మక్కా. ఆవిణ్ణి తీసుకురావద్దు" అన్నాడు. ఇంటికొచ్చేదాకా నిమ్మక్క దారంతా తిట్టింది. మరదలు సంచి మోస్తూ వెనక నడిచింది.

రెండో బుధవారం నిమ్మక్క ఒక్కతే వెళ్ళింది. మళ్ళీ అదే తురుము, అదే సెగ, అదే చేదు. ఈసారి వేలెత్తి చూపడానికి పక్కన ఎవరూ లేరు. పెద్దమాస్టరు వయసైనవాడు. చెంచాతో కొంచెం తీసి ఆమె నోటిదగ్గర పెట్టాడు. "షుగరు సంగతి తర్వాత చూసుకుందురు గానీ, తినండమ్మా" అన్నాడు. తిన్నది. తన చేతి వంట తాను నాలుగేళ్ళ తర్వాత తిన్నది. మింగలేక, ఉమ్మలేక కళ్ళలో నీళ్ళొచ్చాయి.

మాస్టరు తురిమిన కాయ ఒకటి చేతిలో పెట్టాడు. "తెల్లతోలు కూడా గీకేశారు, చూడండి."

"తెలుపు ఎక్కడుంది? అంతా పసుపేగా?"

"మా అమ్మకూ ఇంతేనమ్మా. కంట్లో పొర ముదిరి, తెల్ల గోడ చూపించినా పసుపనేది. ముందు కళ్ళు చూపించుకోండి."

నిమ్మక్క కాయను కిటికీ వెలుగులోకి పట్టింది, దగ్గరికీ దూరానికీ జరిపింది. ఎటు పట్టినా పసుపే. ఇంటికి నడుస్తుంటే మరో సంగతి ఆమెకు ఒళ్ళంతా పాకింది. తన చెయ్యి చేసేది చేదైతే, ఇన్ని నెలలూ ఊరు మెచ్చుకున్నదెవరి చెయ్యి?

చెప్పులు కూడా విప్పకుండా ముందుగదిలో నిలబడింది.

"ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావే?"

మరదలు మిషను ఆపింది. "పద్నాలుగు నెలలు వదినా."

"వాడికి తెలుసా?"

"తెలుసు. మీరు తట్టుకోలేరని చెప్పొద్దన్నారు."

"నీకెవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారు వదినా? పద్దెనిమిదేళ్ళనుంచి గిన్నెలు కడుగుతున్నాను కదా."

ఆ మాటకు నిమ్మక్క కరిగిపోయిందని రాస్తే కథ బాగుంటుంది. కానీ ఆమెకు వచ్చింది కోపం, ఇంట్లో దొంగ పడ్డంత కోపం. "నా పేరు చెప్పి నీ సరుకు అమ్మావన్నమాట" అంది.

"అమ్మింది మీరే వదినా. నేను మోసుకెళ్ళాను, అంతే."

మరదలు లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. పద్దెనిమిదేళ్ళలో ఆ మనిషి ఆ ఇంట్లో ఏదైనా అడగడం అదే మొదలు.

"వదినా, ఓనరుగారితో మీరొక్క మాట చెప్పండి. నేను చెయ్యగలనని. నేను వెళ్ళి చెబితే నమ్మరు. పాడుచేసింది నేనేనని అందరిముందూ నేనే ఒప్పుకున్నాను. మీరు చెబితే నమ్ముతారు. బుధవారాలు వెళ్ళి చేసొస్తాను. మీరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. నాకూ ఒక పని ఉంటుంది వదినా. ఈ మిషను తొక్కి తొక్కి మోకాళ్ళు పోయాయి."

నిమ్మక్క చెప్పులు విడిచి తన గదిలోకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని, "బేకరీకి వెళ్ళొస్తాను" అంది. మరదలు గుమ్మం దాకా వచ్చి చెప్పులు తిప్పి పెట్టింది.

చెప్పాలనే వెళ్ళింది. అది మాత్రం నేను ఒప్పుకుంటాను. ఓనరు కుర్చీ వేయించి, టీ తెప్పించి, పంచదార వెయ్యొద్దని తనే చెప్పాడు. కౌంటరు మీద కొత్త లేబుళ్ళ కట్ట ఉంది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఆమె పేరు. అంత పెద్దవి కాబట్టి ఆమె కంటికి కూడా ఆనాయి.

"ఒక్క మాట అడగనా అక్కా? మొన్నటిదాకా బంగారంలా వచ్చేది కదా. ఇంట్లో ఎవరైనా సాయం చేసేవారా? మీ మరదలు చెయ్యగలదంటే చెప్పండి, నాకేం అభ్యంతరం లేదు. లేబుళ్ళదేముంది, ఆవిడ పేరుతో మళ్ళీ అచ్చేయిస్తాను."

మాట నాలుక చివరదాకా వచ్చింది. కానీ ఆమె కంటికి కనిపించింది ఏమిటంటే, సీసా మీద మరదలి పేరు. వీధిలో మరదలిని ఆపి పలకరించే జనం. గోడవారగా కుర్చీలో, మందుబిళ్ళలు వేసుకుంటూ తమ్ముడి పంచన బతికే ముసలి ఆడపడుచు. తమ్ముణ్ణి ఇచ్చింది, వయసు ఇచ్చింది, పసుపేదో తెలుపేదో చూసే కన్ను కూడా పోయింది. ఇక ఇదొక్కటే మిగిలింది, ఇది కూడా ఇచ్చెయ్యాలా?

"దాని చేతా?" అంది నిమ్మక్క. "మొన్న మీ కళ్ళతోనే చూశారుగా బాబూ."

ఓనరు తల ఊపాడు. అవును, చూశాడు, ఆవిడ తన నోటితో ఒప్పుకోవడం కూడా విన్నాడు. లేబుళ్ళ కట్ట తీసి సొరుగులో పడేశాడు.

ఇంటికొచ్చేసరికి మరదలు గుమ్మంలోనే ఉంది.

"చెప్పారా వదినా?"

"చెప్పాను. నమ్మలేదు. మొన్న పాడుచేసింది ఆవిడేగా అన్నాడు."

మరదలి మొహం వాడిపోయింది. కాసేపటికి తేరుకుని, నెమ్మదిగా, "నా గురించి ఏమని చెప్పారు?" అని అడిగింది.

నిమ్మక్క చెప్పులు విప్పుతూ తల ఎత్తలేదు. "నాకంటే బాగా చేస్తుందని చెప్పాను."

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అలా అన్నారా వదినా? ఓనరుగారి ముందు?" అంది. గబగబా లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "పోనీలెండి. మీరు అన్నారు, నాకదే చాలు" అంది.

సాయంత్రం తమ్ముడు పనినుంచి రాగానే మరదలు అతనికి చెప్పడం నిమ్మక్కకు తన గదిలోకి వినిపిస్తూనే ఉంది. పని దొరకలేదన్న సంగతి ఒక్క ముక్కలో తేల్చేసింది. "మీ అక్క ఏమన్నారో తెలుసా? నాకంటే బాగా చేస్తుందన్నారట!" అని మాత్రం రెండుసార్లు చెప్పింది. తర్వాత కూనిరాగం తీస్తూ మిషను ముందు కూర్చుంది. నిమ్మక్క ఆ రోజు నడకకు వెళ్ళలేదు.